చచ్చిన గొడ్డును రాబందుకు వదిలే ముందు

ఇంట్లో రెండు ఎడ్లో, నాలుగు బర్రెలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పక్షుల ఫొటోలు తీసేవాళ్లకు ఇందులో పెద్దగా ఏమీ దొరకదు. మాది సిరోంచలో పశువుల మందుల దుకాణం. గడ్చిరోలి జిల్లాకు ఇది దక్షిణపు కొస, గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. సర్కారు కాగితం మరాఠీలో వస్తుంది, సీసా మీద రాత ఇంగ్లీషులో ఉంటుంది, బేరం మాత్రం తెలుగులో నడుస్తుంది. కొట్టు పెట్టింది మామగారు. డీఫార్మసీ చదివి కోడలిగా వచ్చిన నేను ఇప్పుడు కౌంటర్ చూసుకుంటున్నాను. అంకీస, అసరల్లి, రేగుంఠ, బామణి నుంచి వచ్చే రైతులు ఈ మధ్య రెండు ప్రశ్నలు ఎక్కువగా అడుగుతున్నారు. ఒకటి, ఏ సూది వేసిన గొడ్డును తింటే గద్దలు, అంటే రాబందులు, చావవు? రెండోది, గొడ్డు చనిపోతే ఫారెస్టు వాళ్లు చెప్పినట్టు రాబందుల కోసం బయట వేయొచ్చా, పూడ్చాలా? రెండింటికీ జవాబు ఒక్క చోటే ఉంది. ఆ గొడ్డుకు చివరి వారంలో ఏం ఎక్కించారో తెలియాలి. మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

మామగారి చిన్నతనంలో ఊరవతల గొడ్డును పడేస్తే పొద్దుగూకే సరికి రాబందులు తినేసి బొక్కలే మిగిలేవట. ఇప్పుడు అదే చోట కుక్కలు తిరుగుతున్నాయి. 1992 నుంచి 2007 లోపల మన దేశంలో తెల్ల వీపు రాబందుల్లో వెయ్యికి ఒకటి మిగిలింది. పొడుగు ముక్కు రాబందుల్లో నూటికి మూడు మిగిలాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ పార్కులో ఇవి చెట్ల మీదే మెడలు వాల్చి రాలిపోతున్నాయని 1990ల చివర్లో పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గమనించారు. మొదట ఏదో వైరస్ అనుకున్నారు. 2004లో శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను కోసి చూసి, కారణం డైక్లోఫెనాక్ అని తేల్చింది. మనం ఒళ్లు నొప్పులకు వేసుకునే మందే. గొడ్డుకు నొప్పి తగ్గిస్తుంది. ఆ గొడ్డు ఒకటి రెండు రోజుల్లో చనిపోతే మందు ఇంకా కాలేయంలో, మూత్రపిండాల్లో ఉంటుంది. రాబందు ముందు తినేది ఆ మెత్తని భాగాలే. తిన్న పక్షికి మూత్రపిండాలు పాడవుతాయి, యూరిక్ యాసిడ్ బయటికి పోదు, గుండె మీద, కాలేయం మీద సుద్ద పూసినట్టు తెల్లగా పేరుకుంటుంది. కొద్ది రోజుల్లో పక్షి పోతుంది.

"నా ఒక్కడి గొడ్డుతో ఏం మునిగిపోతది?" అని అడిగేవాళ్లు ఉంటారు. రాబందు ఒంటరిగా తినదు. ఒక్క గొడ్డు మీద గుంపు మొత్తం వాలుతుంది. అందుకే నూరు కళేబరాల్లో ఒక్కదానికంటే తక్కువలో ఈ మందు ఉన్నా జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోతుందని లెక్కగట్టారు. పైగా ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు, పిల్ల పెద్దదై జత కట్టడానికి ఐదేళ్లు పడుతుంది. పోయినవి తిరిగి రావడానికి మనుషుల తరం సరిపోదు. రాబందులు పోయిన జిల్లాల్లో మనుషుల చావులు కూడా పెరిగాయని, ఐదేళ్లలో ఆ లెక్క అయిదు లక్షల దాకా ఉంటుందని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు రాశారు. కుళ్లిన మాంసం, కుక్కలు, చెడిన నీళ్లు. మన దగ్గర కుక్క కరిస్తే సూది కోసం ఎంత దూరం పరుగెత్తాలో నేను చెప్పక్కర్లేదు.

మందు కొనేటప్పుడు

మా కౌంటర్ ముందు మాట దాదాపు ఒకేలా ఉంటుంది. "అక్కా, ఎద్దు కాలు మోపుతలేదు, గట్టి సూది ఇయ్యి." గట్టి సూది అని మందుల కంపెనీలు ఏదీ తయారు చేయవు. ఉన్నవి నొప్పి, వాపు, జ్వరం తగ్గించే మందులు. వాటిలో రాబందులకు సరిపడేవి, సరిపడనివి ఉన్నాయి.

సరిపడేవి రెండు గుర్తుంచుకోండి: మెలాక్సికామ్, టోల్‌ఫెనమిక్ యాసిడ్. వీటిని రాబందుల మీదే పరీక్షించి చూశారు. మెలాక్సికామ్ చాలా కంపెనీలు చేస్తాయి, ధర కూడా జేబు కోసేంత ఉండదు. ఒకసారి వేస్తే రోజంతా పనిచేస్తుంది. డైక్లోఫెనాక్ వేసిన ఎద్దులా వెంటనే లేచి నిలబడదని కొందరికి అసంతృప్తి. వాళ్లకు నేను చెప్పేది ఇంతే: కాలు విరిగిన ఎద్దును నొప్పి తెలియకుండా చేసి నడిపిస్తే విరిగింది ఇంకా విరుగుతుంది. తొందరపడి లేపడం వైద్యం కాదు.

వద్దన్నవి ఎక్కువే ఉన్నాయి. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో ఆపారు. కీటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్ 2023 జూలైలో ఆగిపోయాయి. ఏసిక్లోఫెనాక్ సంగతి వింతగా ఉంటుంది: గొడ్డు ఒంట్లోకి వెళ్లాక అదే డైక్లోఫెనాక్‌గా మారుతుంది. అంటే పేరు వేరు, పని అదే. నిమెసులైడ్ మీద 2024 డిసెంబర్ చివర్లో నిషేధం వచ్చింది. ఆ వరుసలో ఫ్లునిక్సిన్ పేరు చేరలేదు కానీ, దాంతో రాబందు చనిపోయినట్టు స్పెయిన్‌లో నమోదైంది. అందుకని మా కొట్టులో దాన్ని పెట్టను.

ఇప్పుడు సీసా చదవడం. పెద్ద అక్షరాల్లో ఉండే పేరును నమ్ముకోవద్దు, అది కంపెనీ పెట్టుకున్న ముద్దుపేరు. దాని కింద సన్నగా రాసి ఉండేదే సాల్ట్ పేరు, అంటే అసలు మందు పేరు, చూడాల్సింది అది. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో ఏడో తరగతి చదివే పిల్ల చాలు. పదం చివర ఎఫ్, ఇ, ఎన్, ఎ, సి అని ఉంటే, అంటే "ఫెనాక్" అని ముగిస్తే, పక్కన పెట్టేయండి. "ప్రొఫెన్" అని ముగిసినా అంతే. ఒక చోట మాత్రం తడబడతారు: టోల్‌ఫెనమిక్‌లో కూడా "ఫెన" వినిపిస్తుంది. చివర "మిక్" ఉందో "నాక్" ఉందో చూడండి. "మిక్" అయితే పర్వాలేదు. "ఆక్సికామ్" అని ముగిసినవన్నీ మంచివేనని కూడా అనుకోవద్దు. పైరాక్సికామ్ అలాగే ముగుస్తుంది, కానీ మనం తీసుకోవాల్సింది మెలాక్సికామ్ ఒక్కటే.

ఒక సీసాలో రెండు మందులు కలిపి వచ్చేవి ఉంటాయి. మెలాక్సికామ్‌తో పాటు పారాసిటమాల్ కలిపినవి తరచుగా కనిపిస్తాయి. మొదటి పేరు చూసి ఆగిపోకుండా రెండో పేరు, మూడో పేరు కూడా చదవండి. నిమెసులైడ్ ఎక్కువగా ఇలా రెండో పేరుగానే దాక్కుంటుంది. పాత సరుకు ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు. నిషేధం వచ్చిన కొత్తలో ఒక సప్లయర్ సగం ధరకు ఇస్తానని మాకు అంటగట్టబోయాడు. ఏ బిల్లూ వద్దు, చీటీ మీద రాసిస్తా అన్నాడు. బిల్లు లేని మందు ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు, మా దగ్గరైనా సరే. బిల్లు మీద సాల్ట్ పేరు, బ్యాచ్ నంబరు రాయించుకోండి.

మనుషుల మందు గొడ్డుకు వేయడం అసలు తలనొప్పి. మనుషుల డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇప్పుడు 3 ఎంఎల్ ఆంపుల్లో వస్తుంది. అంతకుముందు 30 ఎంఎల్ సీసాలు దొరికేవి. మనిషికి అంత పెద్ద సీసా దేనికి? గొడ్ల కోసమే అమ్ముడుపోయేది. అందుకే 2015లో కేంద్రం ఒక్క డోసు ప్యాకింగ్ తప్ప మరొకటి ఉండొద్దని చెప్పింది. కోర్టు దాకా వెళ్లినా 2017లో మద్రాస్ హైకోర్టు ఆ ఆదేశాన్నే నిలబెట్టింది. అయినా ఆంపుళ్లు వరుసగా పగలగొట్టి ఒకే సిరంజిలోకి లాగే సూది డాక్టర్లు ఇంకా ఉన్నారు. మీ ఇంటికి వచ్చిన మనిషి సంచిలోంచి చిన్న గాజు ఆంపుళ్లు తీస్తే చేయి పట్టుకుని ఆపండి. వాటి మీద "పశువులకు వాడరాదు" అని ఇంగ్లీషులో రాసే ఉంటుంది. మేకకు జ్వరమని ఇంట్లో మిగిలిన నొప్పుల గోళీ నూరి పోసేవాళ్లూ ఉన్నారు. వాటిలో ఏసిక్లోఫెనాక్ ఉండేవి బోలెడు.

అనుమానంగా ఉంటే లేబుల్ ఫొటో తీసి మీకు తెలిసిన కొట్టుకు వాట్సాప్ చేయండి. మంచిర్యాలలో కొన్నా, భూపాలపల్లిలో కొన్నా నిషేధం దేశమంతటా ఒకటే. ఒడ్డు మారితే మందు మంచిదైపోదు. పశువుల డాక్టర్ కావాలంటే 1962కు ఫోన్ చేయొచ్చు. డాక్టర్ సాబ్ వచ్చినప్పుడు "రాబందులకు పడే మందే రాయండి" అని అడగడానికి మొహమాటపడకండి. అడిగితే కోపగించుకునే డాక్టర్‌ను నేను ఇంకా చూడలేదు. అడగకపోతే మాత్రం అలవాటున్నదే రాస్తారు.

కొట్టంలో డబ్బా

ఇది మా కొట్టుకు వచ్చే ఒక బర్రెల ఆసామి దగ్గర నేర్చుకున్నాను, ఇప్పుడు అందరికీ చెప్తున్నాను. కొట్టం గుంజకు ఒక పాత పాల డబ్బా వేలాడదీయండి. గొడ్డుకు ఏ సూది వేసినా ఆ ఖాళీ సీసాను పారేయకుండా డబ్బాలో వేయండి. సీసా మీద మార్కర్‌తో తేదీ, ఏ గొడ్డుకో గుర్తు పెట్టండి. చదువు రాని ఇంట్లో కూడా ఇది నడుస్తుంది, ఎందుకంటే రాతకోతలతో పని లేదు, సీసాయే సాక్ష్యం. నెలకోసారి పాతవి తీసేయండి. సూది మొనలు మాత్రం అందులో వేయొద్దు, పిల్లలు చేతులు పెడతారు.

గొడ్డు చనిపోయిన రోజు ఇంట్లో ఏడుపులు, అప్పులు, టెన్షన్. ఆ గందరగోళంలో నాలుగు రోజుల కింద వేసిన సూది పేరు ఎవరికీ గుర్తుండదు. "ఏదో తెల్ల మందు" అంటారు. మందులన్నీ తెల్లగానే ఉంటాయి. డబ్బా ఉంటే అప్పుడు పనికొస్తుంది.

గొడ్డు చనిపోయాక

ముందు చూడాల్సింది ఎలా చనిపోయిందన్నది. ఉన్నట్టుండి కూలిపోయి, ముక్కులోంచి, వెనక నుంచి నల్లటి నెత్తురు కారి, అది గడ్డకట్టకపోతే దొమ్మ రోగం కావొచ్చు. ముట్టుకోవద్దు, కోయొద్దు, తోలు తీయొద్దు, కుక్కలను రానీయొద్దు. డాక్టర్‌కు ఫోన్ చేసి ఆయన చెప్పినట్టు సున్నం వేసి లోతుగా పూడ్చాలి. ఇక్కడ రాబందు గురించి ఆలోచించాల్సిన పని లేదు, మీ ప్రాణం గురించి ఆలోచించండి. లంపీ చర్మ రోగంతో పోయిన గొడ్డునూ పూడ్చడమే. పిచ్చి కుక్క కరిచి పోయినదైనా, పత్తి చేను మందు తాగి నురగ కక్కి పోయినదైనా అంతే.

రోగం కాదు, ముసలితనం, కాన్పు కష్టం, కడుపుబ్బరం లాంటి వాటితో పోయిందనుకుందాం. అప్పుడు డబ్బా దింపండి. గడిచిన వారంలో నొప్పి మందు ఏదీ వేయలేదా? బయట వేయొచ్చు. మెలాక్సికామో టోల్‌ఫెనమిక్కో వేశారని సీసా చూపిస్తోందా? వేయొచ్చు. వద్దన్న వాటిలో ఏదైనా ఉందా, లేదా ఏం వేశారో తెలియని సీసా లేని సూది ఉందా? పూడ్చండి. వారం అనేది నేను పెట్టుకున్న గడువు. డైక్లోఫెనాక్ గొడ్డు మాంసంలో అంతకన్నా ముందే తగ్గిపోతుంది గానీ, నీరసించిన గొడ్డు ఒంట్లోంచి మందు ఎంత త్వరగా పోతుందో పందెం కాయడం నాకిష్టం లేదు. నిద్రపుచ్చే సూదితో డాక్టర్ బాధ తీర్చిన గొడ్డునైతే ఎప్పటికీ బయట వేయొద్దు, ఆ మందు కూడా పక్షులను చంపుతుంది.

పూడ్చడమంటే మోకాలి లోతు కాదు. మనిషి నిలబడితే తల కనబడని గుంత, బావికీ వాగుకీ దూరంగా. వానాకాలంలో నల్లరేగడిలో తవ్వడం ఎంత కష్టమో తెలుసు, జేసీబీ కిరాయి గొడ్డు ధరను గుర్తు చేస్తుంది. ఆ ఖర్చు చూశాకే చాలామంది మెలాక్సికామ్ అడగడం మొదలుపెట్టారు. మంచి మాటల కన్నా జేసీబీ బిల్లు బాగా పనిచేసింది.

బయట వేయడానికి నిర్ణయించుకున్నాక మూడు ఫోన్లు చేయండి. బీమా ఉంటే ముందు డాక్టర్‌కు, ఎందుకంటే చెవి బిళ్ల మీది 12 అంకెల నంబరు, చనిపోయినట్టు సర్టిఫికెట్ లేకుండా క్లెయిమ్ నడవదు. గొడ్డును కదిలించే ముందే ఫొటోలు తీయించాలి. తర్వాత వనరక్షక్‌కు, అంటే ఫారెస్టు గార్డుకు. గడ్చిరోలి అడవి డిపార్ట్‌మెంట్ రాబందులకు ఆహారం పెట్టే చోట్లు నడుపుతోంది, జనం వాటిని రాబందుల హోటల్ అంటారు. మీకు దగ్గర్లో అలాంటిది ఉంటే వాళ్లే చెప్తారు, లేకపోతే ఏ చోట వేయాలో చూపిస్తారు. మూడోది పోలీస్ పాటిల్‌కు, అంటే ఊళ్లో పోలీసుల తరఫున ఉండే మనిషికి. ఇది ఎందుకంటే, మహారాష్ట్రలో 2015 నుంచి ఎద్దులను కోయడం మీద కూడా నిషేధం ఉంది. చచ్చిన ఎద్దును ట్రాక్టర్‌లో వేసుకుని రోడ్డెక్కితే ఎవడో ఆపి నానా రభస చేసే రోజులివి. ఫలానా ఇంటి గొడ్డు, ఫలానా చోటికి పోతోంది అని ఒక చీటీ, ఒక ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. పట్టపగలే తీసుకెళ్లండి.

ఆలస్యం చేయొద్దు. పొద్దున పోయిన గొడ్డును సాయంత్రంలోగా చేర్చగలిగితే మంచిది. రాబందు ముక్కు వంకరగా, బలంగా ఉన్నా పెద్ద ఎద్దు తోలును నేరుగా చీల్చలేక కళ్లు, వెనక భాగం లాంటి మెత్తని చోట్ల నుంచి మొదలుపెడుతుంది. తోలు తీసిన గొడ్డయితే గుంపు త్వరగా ముగిస్తుంది. పూర్వం తోలు తీసే కుటుంబాలు ఆ పని చేసేవి. వాళ్ల పిల్లలు ఇప్పుడు మేం చేయం అంటున్నారు, అనడం సరైనదే. నీచంగా చూస్తూ చేయించుకున్న పని రాబందుల పేరు చెప్పి మళ్లీ వాళ్ల నెత్తిన పెట్టడానికి వీల్లేదు. డిపార్ట్‌మెంట్ కూలి ఇచ్చి, గ్లవ్స్, బూట్లు ఇచ్చి ఇష్టమున్న వాళ్లతో చేయించాలి. అది కుదరకపోతే తోలుతోనే వేయండి, కాస్త ఆలస్యంగానైనా తింటాయి.

చోటు ఎలా ఉండాలి

ఊరికి దూరంగా, ఆకాశం నుంచి కనబడేలా, తెరిపిగా ఉండాలి. రాబందు వాసన పట్టి రాదు, పైనుంచి కళ్లతో చూసి దిగుతుంది. గుబురు కింద వేస్తే కనిపెట్టలేదు. కడుపు నిండాక వెంటనే ఎగరలేదు, కాసేపు పరుగెత్తి గానీ లేవదు. అందుకే చుట్టూ ఖాళీ నేల కావాలి. కూర్చోవడానికి కాస్త దూరంలో రెండు మూడు పెద్ద చెట్లు, తిన్నాక మునిగి లేవడానికి కుంటో వాగో ఉంటే ఇంకా మంచిది. మురికి పక్షి అని మనం అనుకుంటాం గానీ, తిన్న వెంటనే స్నానం చేయాలన్న పట్టింపు దానికి చాలామంది కన్నా ఎక్కువ.

ఉండకూడనివి: కరెంటు తీగలు, పెద్ద రోడ్డు. తీగలకు తగిలి చచ్చేవి తక్కువేం కాదు. అన్నిటికన్నా పెద్ద గొడవ కుక్కలు. కళేబరం మీద కుక్కల గుంపు ఉంటే రాబందు చెట్టు దిగదు. డిపార్ట్‌మెంట్ చోట్లయితే కంచె ఉండాలి. మనం వేసే చోట కంచె ఉండదు కాబట్టి మొదటి రోజు పొద్దున తొమ్మిది, పది నుంచి మధ్యాహ్నం దాకా ఎవరో ఒకరు దూరంగా కూర్చుని కుక్కలను అదిలించాలి. ఆ వేళకే ఎండ ఎక్కి, గాలి పైకి లేచి, రాబందులు రెక్క ఆడించకుండా చక్కర్లు కొడుతూ వస్తాయి. దగ్గరికి వెళ్లి సెల్ఫీ తీసుకునే పిల్లలను కూడా అదే మనిషి అదిలించాలి.

వచ్చింది రాబందా మామూలు గద్దా అన్నది తోక చూస్తే తెలుస్తుంది. ఊళ్లో తిరిగే నల్ల గద్దకు తోక చివర గంటు ఉంటుంది. రాబందు తోక పొట్టి, రెక్కలు వెడల్పు, మెడ బోడి. మన వైపు కనబడే తెల్ల వీపు రాబందు నల్లగా ఉండి, తిరిగినప్పుడు నడుము మీద తెల్లటి మచ్చ మెరుస్తుంది. పొడుగు ముక్కుది లేత గోధుమ రంగులో ఉంటుంది. దాని గూళ్లు ప్రాణహితకు అవతల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట రాతి అంచుల మీద 2013లో బయటపడ్డాయి. ఆ గుట్ట నుంచి సిరోంచ వంద కిలోమీటర్ల లోపే ఉంటుంది. వంద కిలోమీటర్ల దూరం ఎందుకు చెప్తున్నానంటే, రాబందులకు సురక్షిత ప్రాంతం గీసేటప్పుడు గూడు నుంచి వంద కిలోమీటర్ల దాకా వద్దన్న మందులు లేకుండా చేయాలని లెక్క. తెలంగాణ సర్కారు గుట్ట దగ్గర ఎంత కాపలా పెట్టినా, ఆ పక్షి మధ్యాహ్నం భోజనానికి మన వైపు దిగితే దాన్ని కాపాడేది మన కొట్టంలోని డబ్బాయే.

విషం సంగతి

పులో చిరుతో గొడ్డును కొడితే కోపంలో ఆ కళేబరం మీద ఫ్యూరడాన్ అనే పురుగుల మందు గుళికలు చల్లేవాళ్లు ఉన్నారు. ఊరకుక్కల కోసం చల్లేవాళ్లు కూడా ఉన్నారు. పులి మళ్లీ రాకపోవచ్చు, రాబందులు తప్పకుండా వస్తాయి. గుంపు మొత్తం అక్కడే పడిపోతుంది. తర్వాత అడవి కేసు మీద పడుతుంది, రాబందు వన్యప్రాణుల చట్టంలో షెడ్యూల్ ఒకటిలో ఉంది, పులి ఉన్న చోటే. పులి కొట్టిన గొడ్డుకు అడవి డిపార్ట్‌మెంట్ నష్టపరిహారం ఇస్తుంది. దానికి మీరు చేయాల్సింది, గొడ్డును కదిలించకుండా వెంటనే ఫోన్ చేసి పంచనామా రాయించుకోవడం. విషం చల్లితే ఆ డబ్బు కూడా పోయినట్టే.

గూడు కనబడితే

తెల్ల వీపు రాబందు పెద్ద చెట్ల మీద కొమ్మలతో గూడు కడుతుంది. వాగు ఒడ్డు తెల్లమద్ది లాంటి ఎత్తైన చెట్లంటే దానికి ఇష్టం. చెట్టు కింద ఆకులు సున్నం కొట్టినట్టు ఉంటే పైకి చూడండి. అక్టోబర్ నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఆ చెట్టు జోలికి పోవద్దు: కొమ్మ నరకడం, తేనె కోసం పొగ పెట్టడం, కింద డీజే పెట్టడం ఏదీ వద్దు. ఇంటి మీద రాబందు వాలితే అరిష్టమని మన ఇళ్లలో ఇంకా అంటారు, శాంతి చేయించుకోవాలనుకుంటే చేయించుకోండి, రాయి మాత్రం విసరొద్దు.

జబ్బు పక్షి, చచ్చిన పక్షి

మెడ వాల్చి కూర్చున్న ప్రతి రాబందూ జబ్బుది కాదు. మిట్టమధ్యాహ్నం ఎండకు కూడా అలా వాల్చుతుంది. పొద్దునా సాయంత్రం కూడా అలాగే ఉండి, దగ్గరికి వెళ్లినా ఎగరకపోతే అప్పుడు అనుమానించండి. ఎండాకాలంలో గూట్లోంచి జారిపడ్డ పిల్లలు కూడా కనిపిస్తాయి. మహారాష్ట్రలో అడవి డిపార్ట్‌మెంట్ ఫోన్ నంబరు 1926. వాళ్లు వచ్చేదాకా కుక్కలను, జనాన్ని దూరంగా పెట్టండి. ఎండలో ఉంటే ఒక గోనెసంచినో చీరనో కర్రల మీద కప్పి నీడ చేయండి. నోరు తెరిచి నీళ్లు పోయొద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. మాంసం ముక్కలు పెట్టొద్దు. భయపడితే అది మీ మీదే కక్కుతుంది, ఆ వాసన చీరకు రెండు ఉతుకులకు కూడా పోదు, అందుకే చేతులతో పట్టుకునే పని వాళ్లకే వదిలేయండి.

చచ్చిపోయి కనబడితే పూడ్చొద్దు, కాల్చొద్దు, ఈక కూడా తీసుకోవద్దు. కోసి చూస్తేనే డైక్లోఫెనాకా, విషమా, కరెంటా అన్నది తేలుతుంది. చుట్టుపక్కల సగం తిన్న కళేబరం ఉందేమో చూసి, ఉంటే దాని ఫొటో కూడా తీసి పంపండి. ఆ గొడ్డు ఎవరిదో తెలిస్తే పెద్ద గొడవ చేయకుండా డబ్బాలోని సీసాలు తెప్పించండి. సీసా దొరికితే అది ఏ కొట్టు నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది.

చివరిగా వీపు మీద చిన్న పెట్టె ఉన్న రాబందు గురించి. హర్యానాలోని పింజోర్ కేంద్రంలో పెంచిన రాబందులను 2024 జనవరిలో చంద్రపూర్ జిల్లా తాడోబాకు, నాగ్‌పూర్ వైపు పెంచ్‌కు తీసుకొచ్చారు. ఇలా వదిలే పక్షులకు ఎటు పోతున్నాయో తెలియడానికి జీపీఎస్ పెట్టె కడతారు. నక్సలైట్ల గొడవ చూసిన మన జిల్లా సంగతి తెలిసిందే కదా, ఆకాశంలో యాంటెన్నా ఉన్న పక్షి కనబడితే పోలీసులు పంపారనో, ఇంకెవరో పంపారనో పుకారు లేవడానికి గంట చాలు. ఆ పెట్టె చెప్పేది పక్షి ఎక్కడుందన్న ఒక్క సంగతే. ఊళ్లో పెద్దమనుషులకు ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి. అలాంటి పక్షి పొలంలో దిగి మర్నాటికి కూడా ఎగరకపోతే 1926కు ఫోన్ చేసి, కాలికి రింగు ఉంటే దూరం నుంచే ఫొటో తీసి పంపండి. పెట్టెను మాత్రం ఎవరూ విప్పకుండా చూడండి.